‘ఆయన కావాలో నేను కావాలో తేల్చుకోండి’ అంటున్నాడు

హైదరాబాద్‌లోని ఒక పారిశ్రామికవాడలో లోహపు విడిభాగాలు చేసే చిన్న మెషిన్ షాపు నడుపుతున్న ఓ సోదరి రాసిన ఉత్తరమిది. పేరు, కంపెనీ వివరాలు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె వయసు 36. షాపు వాళ్ల నాన్నగారు పెట్టింది. మూడేళ్ల క్రితం ఆయనకు గుండెకు స్టెంట్ వేశారు. అప్పటిదాకా ఐటీ కంపెనీలో పనిచేస్తున్న ఈమె ఉద్యోగం మానేసి షాపు బాధ్యత తీసుకున్నారు. నాన్నగారు ఇప్పటికీ రోజూ పదకొండింటికి వచ్చి, రెండు గంటలు కూర్చుని వెళ్తారు. షాపులో 18 మంది ఉన్నారు. వాళ్లు కాక కాంట్రాక్టరు పంపే హెల్పర్లు నలుగురు. లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు పాతవి. ఏడాదిన్నర కిందట బ్యాంకు లోన్‌తో ఒక వీఎంసీ, అంటే కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మిషన్, కొన్నారు.

అసలు చిక్కు ఫోర్‌మన్‌తో. వయసు 56, ఆ షాపులో 24 ఏళ్ల సర్వీసు. ఈమె స్కూల్లో చదివే రోజుల నుంచి ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తున్నారు. ఏ కస్టమర్ ఏ సైజు దగ్గర పట్టుదలగా ఉంటాడో, ఎక్కడ సర్దుకుంటాడో ఆయనకు నోటికి తెలుసు. జీతం 27,000. వీఎంసీ కోసం తీసుకున్న డిప్లొమా కుర్రాళ్లు ఇద్దరు ఆయనతో పడక మానేశారు. మూడో అబ్బాయిని 34,000కు తీసుకున్నారు, పని బాగా వచ్చినవాడు. అతని శాలరీ స్లిప్ ఎలాగో షాపు వాట్సాప్ గ్రూపులో పడింది. ఆ రోజు నుంచి బాబాయ్ అడిగినదానికి తప్ప మాట్లాడటం లేదు. తొమ్మిదింటికి ముందే వచ్చే మనిషి పదింటికి వస్తున్నారు.

ఈమధ్య పల్చటి గోడలున్న అల్యూమినియం హౌసింగ్‌లు 60 పీసులు రిజెక్ట్ అయ్యాయి. ప్రోగ్రాంలో తప్పు లేదు. పీసును పట్టి ఉంచే ఫిక్స్చర్‌లో బిగింపు ఎక్కువై, విప్పిన తర్వాత బోర్ (లోపలి గుండ్రటి రంధ్రం) అండాకారానికి తిరిగింది. “ఇట్లయితదని నాకు ముందే తెలుసు” అని బాబాయ్ తర్వాత ఇంకొకరితో అన్నారట. అది విన్న కొత్త అబ్బాయి నేరుగా వచ్చి, “మేడం, ఆయన కావాలో నేను కావాలో తేల్చుకోండి” అన్నాడు.

పోయిన నెల బాబాయే క్యాబిన్‌లోకి వచ్చి నిలబడి, “నా పీఎఫ్ ఎంతుంది, గ్రాట్యుటీ ఎంతొస్తది, లెక్క చూపించమ్మా” అని అడిగారు. పీఎఫ్ లేదు. ఇరవై మంది ఉంటే అది తప్పనిసరి అవుతుందని, రోల్స్ మీద అంతమంది కాకుండా నాన్నగారు మొదటి నుంచీ చూసుకున్నారు. గ్రాట్యుటీ, అంటే సర్వీసు ముగిసినప్పుడు ఇవ్వాల్సిన మొత్తం, దాని కోసం పక్కన పెట్టిందేమీ లేదు. పైగా కూతురి పెళ్లికి బాబాయ్ తీసుకున్న 1,80,000 రూపాయల అడ్వాన్సు పుస్తకంలో అలాగే కనబడుతోంది. నాన్నగారిని అడిగితే, “అది ఎప్పుడో వదిలేశాను, ఆయన్ని ఒక్క మాట అనకు” అంటారు. పెద్ద కస్టమర్ ఒకరు వంద రోజులు దాటితే గానీ బిల్లు ఇవ్వడం లేదు. ఇవన్నీ ఇలా ఉండగా, ఐటీఐ చదివిన తన కొడుకును షాపులో పెట్టుకోమని బాబాయ్ అడుగుతున్నారు.

“ఆయన్ని పంపించేయాలా? ఉంచుకుంటే ఎలా ఉంచుకోవాలి? నాన్నకు ఏం చెప్పాలి? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు” అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇద్దరు మనుషుల మధ్య పడకపోవడంగా మీరు దీన్ని రాశారు. చదివిన కొద్దీ నాకు కనిపించింది వేరే. మీ నాన్నగారి కాలంలో షాపు మొత్తం మాట మీద నడిచింది. జీతం, బోనస్, సెలవు, అడ్వాన్సు, రేపటి భరోసా అన్నీ మాటే. మీరు వచ్చి కాగితం తెచ్చారు. అది మంచి పనే. కానీ ఆ కాగితం ఒక్క కొత్త అబ్బాయికే ఇచ్చారు. అతనికి ఆఫర్ లెటర్ ఉంది, శాలరీ స్లిప్ ఉంది, చేసే పని ఏమిటో రాసి ఉంది. 24 ఏళ్లుగా ఉన్న మనిషికి వీటిలో ఒక్కటీ లేదు. వాట్సాప్‌లో ఆ స్లిప్ చూసినప్పుడు ఆయనకు 34,000 అన్న అంకె ఎంత నొప్పి కలిగించిందో, తన పేరున అలాంటి కాగితమే లేదన్న సంగతి అంతే నొప్పి కలిగించి ఉంటుందని నా నమ్మకం. అందుకే ఆయన మీ దగ్గరికి వచ్చి జీతం పెంచమని అడగలేదు, లెక్క చూపించమని అడిగారు.

మీ నాన్నగారిని నేను తప్పు పట్టడం లేదు. బీహెచ్‌ఈఎల్, హెచ్‌ఎంటీ, ఐడీపీఎల్, హెచ్ఏఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు హైదరాబాద్‌కు వచ్చాక, వాటికి విడిభాగాలు చేసిపెట్టే పనితో బాలానగర్ చుట్టుపక్కల ఎన్నో చిన్న షాపులు లేచాయి. ఓనరు కూడా చేతికి గ్రీజు అంటించుకున్న మనిషే అయిన షాపుల్లో ఒక రకమైన ఒప్పందం ఉండేది. జూన్‌లో పిల్లల ఫీజులకు, ఇంట్లో పెళ్లికి, ఆసుపత్రికి ఓనరు అడిగిందే తడవుగా ఇచ్చేవాడు. ఆర్డరు ఒత్తిడి ఉన్నప్పుడు మేస్త్రీ రాత్రి పదింటి దాకా ఉండి ఓవర్‌టైం లెక్క అడిగేవాడు కాదు. అందులో న్యాయం ఉంది, ప్రేమ కూడా ఉంది. ఒకటే లోపం. అదంతా ఒక్క మనిషి జ్ఞాపకం మీద, ఒక్క మనిషి ఆరోగ్యం మీద ఆధారపడి ఉంది. నాన్నగారికి స్టెంట్ వేసిన రోజున మీ ఇంట్లో ఎంత భయపడ్డారో, బాబాయ్ ఇంట్లోనూ అంతే భయపడి ఉంటారు. మూడేళ్లుగా ఆ భయం గురించి ఎవరూ ఆయనతో మాట్లాడలేదు.

ఇలా అన్నానని 60 పీసుల సంగతి తేలిక చేస్తున్నానని అనుకోకండి. తెలిసీ చెప్పకపోవడం తప్పు. మెటీరియల్ పోయింది, మిషన్ టైమ్ పోయింది, కస్టమర్ దగ్గర మాట పోయింది. ఈ విషయం ఆయనతో మీరు మాట్లాడి తీరాలి. ఎప్పుడు మాట్లాడాలన్నదే ప్రశ్న. లెక్క అడిగిన మనిషికి నెల దాటినా లెక్క చూపించకుండా, ముందు రిజెక్షన్ గురించి నిలదీస్తే ఆయన వినేది ఒక్కటే: డబ్బు ఎగ్గొట్టడానికి వంక వెతుకుతున్నారని. కాబట్టి మొదట లెక్క.

గ్రాట్యుటీ నుంచి చూద్దాం. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు ఇది వర్తిస్తుంది, కాబట్టి మీకు వర్తిస్తుంది. అయిదేళ్లు నిండిన ఉద్యోగి రిటైర్ అయినా, తనంతట తానే మానేసినా, మీరు పంపినా ఇవ్వాల్సిందే. ‘మానేసి పోయాడు కదా, ఇవ్వక్కర్లేదు’ అనుకునే ఓనర్లు చాలామంది ఉన్నారు, అది నిజం కాదు. 1972 చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చినా, లెక్క కట్టే పద్ధతి పాతదే: చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. బాబాయ్ జీతాన్ని బేసిక్, అలవెన్సులు అని విడదీయకుండా మొత్తంగా ఇస్తున్నారని మీరు రాశారు కాబట్టి 27,000 మొత్తాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 24 ఏళ్లకు దాదాపు 3,74,000 రూపాయలు అవుతుంది. ఉద్యోగం ముగిసిన 30 రోజుల్లో కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా. ఇందులోంచి పెళ్లి అడ్వాన్సు కోసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. గ్రాట్యుటీకి చట్టం ఇచ్చిన రక్షణ గట్టిది, కేసు అయితే మీరే ఓడిపోతారు.

పీఎఫ్ సంగతి ఇంకాస్త ఇబ్బందికరం. ఇరవై మంది లోపు ఉంచితే చాలని నాన్నగారు అనుకున్నారు. కాంట్రాక్టరు ద్వారా వచ్చి మీ షాపులో మీ పని చేసే హెల్పర్లను కూడా ఆ చట్టం సాధారణంగా మీ మనుషులుగానే లెక్కిస్తుంది. 18కి నలుగురిని కలిపితే 22. కాంట్రాక్టరుకు సొంత పీఎఫ్ కోడ్ ఉందా, ఈ నలుగురి పేరున నిజంగా కడుతున్నాడా అన్నది ఈ వారమే కనుక్కోండి. ఒకసారి ఇరవైకి చేరి చట్టం కిందికి వచ్చాక, తర్వాత సంఖ్య తగ్గినా బయటపడటం ఉండదు. తనిఖీలో తేలితే పాత బకాయిల మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆ పైన పెనాల్టీ పడతాయి. అప్పట్లో జీతంలోంచి కోయని ఉద్యోగి వాటాను ఇప్పుడు అతని జీతంలోంచి కోయడానికి కూడా వీల్లేదు, రెండు వాటాలూ మీ మీదే పడతాయి. అందుకని భయపడి దాచిపెట్టుకోవద్దు. ఇలా వదిలేసిన ఉద్యోగులను తామంతట తాము చేర్చుకునే యజమానులకు, నామమాత్రపు పెనాల్టీతో ప్రభుత్వం 2017లోనూ 2025లోనూ అవకాశం ఇచ్చింది. మంచి లేబర్ లా కన్సల్టెంట్ దగ్గర కూర్చుని, ఏ నెల నుంచి ఇరవైకి చేరారు, ఎవరికెంత బకాయి, ఇప్పుడు అలాంటి వెసులుబాటు ఏదైనా ఉందా అని అడగండి. తేలిన అంకె ఎంత పెద్దదైనా, తెలియని అంకె కన్నా దానితో నిద్ర పడుతుంది.

ఈఎస్ఐ, అంటే కార్మికుల వైద్య బీమా, గురించి మీరు రాయలేదు. పది మంది ఉంటే అదీ తప్పనిసరి. నెలకు 21,000 లోపు జీతం ఉన్న మీ ఆపరేటర్లు, హెల్పర్లు దాని కిందికి వస్తారు. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగిది 0.75 శాతం. చేయి మిషన్‌లో పడితే, ఇంట్లో కాన్పు వస్తే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి వాళ్లకు ఎంత ఆసరానో మీకు తెలుసు. 27,000 జీతం కారణంగా బాబాయ్‌కి ఆ ఆసరా లేదు. 56 ఏళ్ల వయసులో, పీఎఫ్ లేక, ఈఎస్ఐ లేక, సొంత ఆరోగ్య బీమా కూడా లేక ఉన్నారన్నమాట. ఆయన మౌనాన్ని ఈ వెలుతురులో చూడమని నా విన్నపం.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది, ఆయన్ని పంపించేయడం. మీ స్నేహితులు ఇదే చెబుతున్నారని రాశారు. డబ్బు లెక్కలో చూస్తే గ్రాట్యుటీ ఎలాగూ ఇవ్వాలి. మీరే తీసేస్తే నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల చొప్పున పరిహారం అదనంగా ఇవ్వాల్సి రావచ్చు. పేరుకు ఫోర్‌మన్ అయినా చేతులతో మిషన్ మీద పనిచేసే మనిషిని చట్టం కార్మికుడిగా చూసే అవకాశమే ఎక్కువ. అంటే గ్రాట్యుటీకి దాదాపు సమానమైన మరో మొత్తం. ఇదంతా కట్టినా దారి మూసుకుపోదు, అప్పు చేసైనా కట్టొచ్చు. నన్ను ఆలోచనలో పడేసేది మిగతా పదిహేడు మంది. 24 ఏళ్లు చేసిన మనిషిని ఎలా పంపించారో వాళ్లు చూస్తారు. వాళ్లలో పని బాగా వచ్చినవాళ్లు ముందు పక్క షాపుకు వెళ్తారు, ఎక్కడికీ వెళ్లలేనివాళ్లు మీ దగ్గర మిగులుతారు. ఇక ఏ అబ్బాయి కోసం ఈ పని చేశారో, అతను మీ దగ్గర ఎన్నాళ్లు ఉంటాడు? వీఎంసీ ప్రోగ్రామింగ్ వచ్చిన కుర్రాడికి జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో రెండు మూడు వేలు ఎక్కువిచ్చే షాపు దొరకడం కష్టం కాదు. అది అతని తప్పు కూడా కాదు.

రెండోది, ఇప్పుడున్నట్టే సర్దుకుపోవడం. బాబాయ్‌కి వెయ్యో రెండు వేలో పెంచి, అబ్బాయికి సర్ది చెప్పి, రోజులు గడపడం. ఇది అన్నిటికన్నా తేలిక, నాన్నగారూ దీనికే ఒప్పుకుంటారు. కానీ మూడో అబ్బాయి కూడా వెళ్లిపోతాడు. వీఎంసీ కిస్తీ నెలనెలా కడుతూ, మిషన్‌ను సగం రోజు ఖాళీగా చూస్తూ కూర్చోవాలి. రెండేళ్ల తర్వాత బాబాయ్ రిటైర్ అయ్యే రోజున ఆయన తలలో ఉన్నదంతా ఆయనతోనే ఇంటికి వెళ్తుంది.

మూడోది, ఆయన్ని ఉంచుకుని ఆయన పనిని మార్చడం. నేను దీని వైపే మొగ్గుతాను, అయితే ఇది సులువు కాదని ముందే చెబుతున్నాను. మీ హౌసింగ్‌ల కథలోనే దీనికి దారి ఉంది. అబ్బాయికి ప్రోగ్రాం తెలుసు, టూల్ తెలుసు, ఫీడ్ తెలుసు. పల్చటి పీసు ఎక్కడ పట్టుకుంటే ఎటు వంగుతుందో బాబాయ్‌కి తెలుసు. ఆ 60 పీసులు పోయింది ఈ రెండూ ఒకచోట కలవలేదు కాబట్టి. అందుకని పనిని రెండుగా విడదీయండి. ఫిక్స్చర్, బిగింపు, మొదటి పీసు ఇన్‌స్పెక్షన్ బాబాయ్‌వి. ప్రోగ్రాం, టూలింగ్, వీఎంసీ షెడ్యూలు అబ్బాయివి. మొదటి పీసును ఫిక్స్చర్ నుంచి విప్పాక మళ్లీ కొలవాలి. ఇద్దరూ సంతకం పెడితేనే రెండో పీసు ఎక్కాలి. ఇద్దరికీ మాట కుదరకపోతే చివరి మాట మీది. రిజెక్షన్ పుస్తకం పెట్టి, ఎవరు చేశారని కాకుండా ఎందుకైందని రాయించండి. ఈ ఏర్పాటులో ‘ముందే తెలుసు’ అని తర్వాత అనడానికి చోటుండదు, సంతకం పెట్టేటప్పుడే చెప్పాలి.

దీని ఫలితాలు కూడా చెప్పాలి కదా. మొదటి కొన్ని వారాలు పని నెమ్మదిస్తుంది. అబ్బాయికి సంతకం నామోషీ అనిపించవచ్చు. ఫ్లోర్ మొత్తం చూసే మనిషిని ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టారని బాబాయ్ బాధపడవచ్చు. అందుకని దీన్ని తగ్గింపుగా కాక, చీఫ్ ఇన్‌స్పెక్టర్ అనో మరొకటో గౌరవమైన హోదాతో, లెటర్ మీద ఇవ్వండి. ఆయనకు తెలిసిన కస్టమర్ల పట్టింపులన్నీ పుస్తకంలోకి ఎక్కించాలని మీకు తొందరగా ఉంటుంది. దయచేసి దాన్ని మొదట అడగకండి. తన లెక్క తేలకముందే ‘తెలిసిందంతా రాసివ్వండి’ అంటే, రాసిచ్చాక పంపేస్తారనే ఏ మనిషైనా అనుకుంటాడు. లెటర్ చేతికొచ్చాక, రెండు మూడు నెలలు పోయాక, క్వాలిటీ చూసే అమ్మాయినో అబ్బాయినో రోజూ అరగంట ఆయన పక్కన కూర్చోబెట్టి రాయించండి.

నాలుగోది కూడా ఉంది: 58 నిండాక గౌరవంగా రిటైర్ చేసి, గ్రాట్యుటీ మొత్తం ఇచ్చేసి, వారానికి మూడు రోజులు సలహాదారుగా వేరే ఒప్పందం మీద పిలవడం. తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి ఇద్దరికీ స్పష్టత ఉంటుంది. ఆ లోగా డబ్బు కూడబెట్టుకోవచ్చు. ఎల్ఐసీ లాంటి సంస్థల గ్రూప్ గ్రాట్యుటీ పాలసీలు ఇందుకే ఉన్నాయి. ఇబ్బంది ఏమిటంటే, రిటైర్ అయిన మనిషి స్వేచ్ఛాజీవి. మిగతా మూడు రోజులు మీ పోటీ షాపుకు వెళ్తానంటే ఆపే హక్కు మీకుండదు. మూడో దారిలో నడుస్తూ, నాలుగోదాన్ని గమ్యంగా పెట్టుకోవచ్చు, అది బాబాయ్‌ని అడిగి తేల్చుకోండి. ఆయనకు పని చేయాలని ఉందో, విశ్రాంతి కావాలనుందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. బహుశా ఎవరూ అడిగి ఉండరు.

జీతం సంగతికి వస్తాను. అబ్బాయికిచ్చే 34,000 బజారు రేటు. సోమవారం ఇక్కడ మానేస్తే మంగళవారం ఇంకో షాపు ఇస్తుంది. బాబాయ్ విద్యలో ఎక్కువ భాగం మీ మిషన్లకు, మీ కస్టమర్లకు సంబంధించింది. బయట దానికి అంత ధర పలకదు, మీ దగ్గర మాత్రం దాని విలువ ఎంతో ఎక్కువ. ఎక్కడికీ వెళ్లలేడు కదా అని తక్కువ ఇవ్వడం చాలా షాపుల్లో తెలియకుండానే జరుగుతుంది. నా మాటగా చెప్పాలంటే, ఆయన జీతం పెరగాలి. ఒక్కసారిగా 34,000 చేస్తే గ్రాట్యుటీ 24 ఏళ్లకూ కొత్త జీతం మీదే లెక్కపడి, దాదాపు 97,000 పెరిగి 4,70,000 దాటుతుందని గుర్తుంచుకోండి. మూడు నాలుగు వేలు పెంచి, ఆయనకూ భార్యకూ మంచి ఆరోగ్య బీమా చేయించి, పీఎఫ్‌లో చేర్పించడం మీ శక్తికి దగ్గరగా ఉండొచ్చు. ఎంత ఇచ్చినా ఎందుకు అంతో ఆయనకు చెప్పండి. జీతాల మాట రహస్యంగా ఉంచమని షాపులో అందరినీ ఇప్పుడు బెదిరించడం వల్ల లాభం లేదు, ఆ స్లిప్ అందరూ చూశారు.

నాన్నగారు. మీకు అన్నిటికన్నా కష్టమైన సంభాషణ ఇదేనని నాకు అర్థమైంది. ఆయన ‘వదిలేశాను’ అన్న అడ్వాన్సు మీ పుస్తకంలో అప్పుగా ఉంది. నెలకు 2,000 చొప్పున కోసినా తీరడానికి ఏడున్నరేళ్లు పడుతుంది, అప్పటికి బాబాయ్‌కి 63 దాటతాయి. కాబట్టి వదిలేసే ఉద్దేశమే ఉంటే, ఆ మాట నాన్నగారి చేతే రాయించి సంతకం తీసుకోండి. పన్ను లెక్క ఎలా చూపాలో ఆడిటర్ చూసుకుంటారు. ఆ కాగితం బాబాయ్‌కి ఇవ్వాల్సింది కూడా నాన్నగారే. అది ఆయన చేసిన మంచి పని, దాని పేరు ఆయనకే దక్కాలి. అదే రోజు నాన్నగారితో ఇంకో మాట అనుకోవాలి: షాపులో ఎవరైనా ఆయన దగ్గరికి ఫిర్యాదుతో వస్తే, ‘అమ్మాయితో మాట్లాడు’ అనడం. మీరు సరేనన్నది ఆయన కాదంటే, మీరు కాదన్నది ఆయన సరేనంటే, బాబాయే కాదు ఎవరూ మీ మాట వినరు. ఆ రెండు గంటలూ ఆయన్ని ఖాళీగా కూర్చోబెట్టడం కూడా అన్యాయమే. వంద రోజులకు డబ్బిచ్చే కస్టమర్ దగ్గర పాత పర్చేజ్ వాళ్లతో ఆయనకు పరిచయం ఉంటే, వసూళ్ల ఫోన్లు ఆయన చేతికివ్వండి. డాక్టరు ఒప్పుకుంటేనే సుమా.

ఆ డబ్బు రావడం మీద ఇదంతా ఆధారపడి ఉంది. మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే ప్రతి ఇన్‌వాయిస్ మీద ఆ నంబరు అచ్చు వేయించండి. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. దీనికోసం ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే, ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది. ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డరు రాదేమోనన్న మీ భయం నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. అందుకని ముందు మెత్తటి దారులు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, మీలాంటి తయారీ సంస్థకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, కట్టిన ఏడాదే చూపాలి. వాళ్ల అకౌంట్స్ విభాగానికి ఇది బాగా తెలుసు, మర్యాదగా గుర్తుచేస్తూ మార్చికి ముందే ఉత్తరం రాయండి. ఆ కంపెనీ టర్నోవర్ 250 కోట్లు దాటితే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదికలో చేరి ఉండాలి. అక్కడ వాళ్లు మీ బిల్లును ఒప్పుకుంటే బ్యాంకు కొద్దిపాటి డిస్కౌంటుతో వెంటనే డబ్బిస్తుంది. ఇలా ఒక్క పెద్ద బిల్లు ముందుగా వచ్చినా గ్రాట్యుటీ నిధికి మొదటి వాయిదా కట్టొచ్చు.

కొత్త అబ్బాయికి ఇప్పుడే జవాబివ్వకండి. ‘ఆయనా, మీరా అని నేను ఎంచుకోను. మీ పని ఎక్కడిదాకా, ఆయన పని ఎక్కడిదాకా అన్నది ఫలానా తేదీకల్లా రాసిస్తాను, అప్పటిదాకా ఆగండి’ అనండి. ఆ తేదీ తప్పకండి. అప్పటికీ ఉండనంటే వెళ్లనివ్వండి, మంచిగా సర్టిఫికెట్ ఇచ్చి పంపండి. బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968 నుంచి ఈ పనికే మనుషులను తయారు చేస్తోంది. ఇంకొకరు దొరుకుతారు. అయితే అతను అడిగిన దానిలో న్యాయం ఉందన్న సంగతీ మరవకండి. తన ప్రోగ్రాం సరిగ్గా ఉన్నా రిజెక్షన్ తన పేరున పడింది. రిజెక్షన్‌కు కారణం ప్రోగ్రాం కాదని మీరు అందరి ముందూ ఒకసారి చెప్పాలి.

బాబాయ్‌తో కూర్చునే రోజు షాపు సెలవు రోజు అయితే మేలు. క్యాబిన్‌లో ఎదురుగా నిలబెట్టి కాకుండా వాళ్లింటికి వెళ్లి, ఆయన భార్య కూడా ఉండగా మాట్లాడండి, ఎందుకంటే ఈ భయం ఆమెది కూడా. ‘బాబాయ్, మీరు లెక్క అడిగారు, ఆలస్యమైంది. ఇదిగో’ అని కాగితం పెట్టండి. గ్రాట్యుటీ ఇంత, పీఎఫ్ విషయంలో మావైపు ఇంత లోటుంది, దాన్ని ఇలా సరిచేస్తున్నాం, అడ్వాన్సు గురించి నాన్నగారు ఇలా రాశారు అని ఒక్కొక్కటిగా చెప్పండి. ఆయన్ని మాట్లాడనివ్వండి, కోపంగా మాట్లాడినా సరే. అదంతా అయ్యాక, ఆ రోజే కుదిరితే ఆ రోజు, లేకపోతే మర్నాడు షాపులో, హౌసింగ్‌ల మాట ఎత్తండి. ‘మీకు తెలిసీ చెప్పకపోవడం నాకు కష్టంగా ఉంది, ఇంకోసారి జరిగితే ఊరుకోలేను’ అని సూటిగా అనండి. లెక్క తేల్చిన మీకు ఆ మాట అనే హక్కు ఉంటుంది.

ఆయన కొడుకు విషయం దీనిలో కలపకండి. ఇది లెక్కకు బదులుగా ఇచ్చే తాయిలం అయితే ముగ్గురికీ నష్టం. తీసుకోవాలనుకుంటే అందరికీ పెట్టే పరీక్షే పెట్టి, ఐటీఐ చదివాడు కాబట్టి అప్రెంటిస్‌గా, రాతపూర్వకంగా, ఏడాదికి తీసుకోండి. తండ్రి కింద కాకుండా వీఎంసీ మీద, ఆ కొత్త అబ్బాయి దగ్గర నేర్చుకోవాలన్న షరతు పెట్టండి. అబ్బాయి ఒప్పుకుంటాడా, బాబాయ్ ఒప్పుకుంటారా అన్నది అడిగి చూడండి. ఎవరు కాదన్నా ఒత్తిడి చేయవద్దు, ఈ ఏడాదికి ఆ మాట పక్కన పెట్టేయండి.